బంపర్‌ మూలన బనీను గుడ్డ!

కొత్త కారు. ముచ్చటపడి కొనుక్కున్నదే. కానీ ముందు బంపర్‌కి రెండు పక్కలా ఫాగ్‌లైట్లు ఉండాల్సిన చోట నల్లటి ప్లాస్టిక్‌ మూతలు! అదే కారులో ఇంకో లక్ష పెట్టి పై మోడల్‌ కొన్నవాళ్లకైతే అక్కడ దీపాలు మెరుస్తుంటాయి. కొందరిది ఇంకో బాధ. దీపాలున్నాయి గానీ వాటి చుట్టూ ఉండే కవరు ఏ స్పీడ్‌బ్రేకరుకో తగిలి ఊడిపోయింది. కారేమో పాతది, ఆ ముక్క ఇప్పుడు దొరకడం లేదు. అరచేయంత ముక్క కోసం బంపర్‌ మొత్తం మార్చుకోవాలా?

అక్కర్లేదు. ఊళ్లో డెంటింగు, పెయింటింగు షెడ్లున్న వీధికి వెళ్తే ‘ఫైబర్‌’ పనివాళ్లు ఎక్కడో ఒకచోట ఉంటారు. గాజు పీచు, జిగురు, ఓ పాత బనీను గుడ్డ... వాళ్ల సరంజామా అంతే!

గాజుతో పీచేమిటి అంటారా? 1932లో అమెరికాలో ఓవెన్స్‌-ఇలినాయ్‌ గాజు కంపెనీలో డేల్‌ క్లైస్ట్‌ అనే యువకుడు గాజు దిమ్మెల్ని అతికించే ప్రయత్నంలో ఉన్నాడు. కరిగిన గాజు మీదికి గాలి జోరుగా తగిలి అది సన్నటి పోగులై ఎగిరింది. అలా దొరికిన పీచే తర్వాత రెసిన్‌తో జతకట్టింది. 1953లో షెవర్లే కంపెనీ కార్వెట్‌ కారు బాడీని దాంతోనే చేసింది. మొదటి ఏడాది చేసినవి 300 కార్లే. మన దేశంలోనూ బెంగళూరు సిపానీ సంస్థ 1982లో ఫైబర్‌ బాడీతో డాల్ఫిన్‌ అనే బుల్లి కారు తెచ్చింది. మన కోస్తాలో చేపల వేటకెళ్లే ఫైబర్‌ పడవలదీ ఇదే సూత్రం.

ఇక అసలు పని. ముందు బంపర్‌ విప్పి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. దీపం కూర్చునే గుంట చుట్టూ మాస్కింగ్‌ టేపు వేసి, పైన మైనం పాలిష్‌ పట్టించాలి. లేదంటే తయారైన కవరు బంపర్‌నే పట్టుకుని వదలదు. తర్వాత దీపం సైజుకి సరిపోయే ప్లాస్టిక్‌ పైపు ముక్కని రింగులా కోసి, గుంట మధ్యలో కావలసిన కోణంలో నిలబెడతారు. చెక్క పుల్లలూ వేడి జిగురూ దానికి ఆసరా. పనితనమంతా ఈ రింగు దగ్గరే ఉంది. ఎడమవైపు రింగు కాస్త పైకి చూసి, కుడివైపుది కాస్త కిందికి చూసిందా... ఎంత మంచి రంగేసినా కారుకి మెల్లకన్ను వచ్చినట్టే.

ఇప్పుడు బనీను గుడ్డ వస్తుంది. రింగు అంచు నుంచి గుంట అంచు దాకా దాన్ని డోలు మీద చర్మంలా బిగించి లాగాలి. ముడత ఉండకూడదు. ఆ గుడ్డ సాగిన వంపే రేపటి కవరు రూపం. దానికి బ్రష్‌తో రెసిన్‌ తాగించి వదిలేస్తే గట్టిపడి పెంకులా అవుతుంది. అప్పుడు వెనకవైపు నుంచి గాజు పీచు చాపని ముక్కలుగా చింపి రెండు మూడు పొరలు వేస్తారు. కత్తెరతో కోస్తే అంచు గీతలా తేలుతుంది, చేత్తో చింపితే పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ప్రతి పొరలోనూ బ్రష్‌తో పొడుస్తూ గాలి బుడగల్ని తరిమేయాలి. బుడగ మిగిలితే, తర్వాత ఎండలో రంగు పొక్కేది అక్కడే.

థర్మోకోల్‌ చెక్కి దానిమీద పోస్తే సులువు కదా అని చాలామందికి తోస్తుంది. పాలిస్టర్‌ రెసిన్‌ తగిలిందంటే థర్మోకోల్‌ కళ్లెదుటే కరిగి కూర్చుంటుంది!

రెసిన్‌ కలపడం వంటలో ఉప్పు వేయడం లాంటిది. వంద గ్రాములకి ఒకటి నుంచి రెండు గ్రాముల హార్డనర్‌. మన మే నెల ఎండలో ఆ ఒక్కటే చాలు, ఎక్కువైతే గిన్నెలోనే గడ్డకట్టి పొగలు కక్కుతుంది. వానాకాలంలో పీచుకి చెమ్మ తగిలితే అతుకు సరిగా ఉండదు. రెండు చిన్న కవర్లకి పావుకిలో రెసిన్‌ సరిపోతుంది. అదీ ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి.

ఇంట్లో చేసుకుందామని సరదాపడే కుర్రాళ్లున్న ఇళ్లవాళ్లు ఈ మాట తప్పక చదవాలి. రెసిన్‌తో పాటు కొన్నిచోట్ల రెండు చిన్న సీసాలిస్తారు. ఊదారంగులో ఉండేది కోబాల్ట్‌ యాక్సిలరేటర్‌, నీళ్లలా ఉండేది హార్డనర్‌. ఈ రెండింటినీ నేరుగా కలపకూడదు. కలిపితే మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. ముందు ఒకటి రెసిన్‌లో బాగా కలిపాకే రెండోది వేయాలి. హార్డనర్‌ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. అందుకే కళ్లద్దాలూ చేతికి గ్లౌజులూ ఉండాల్సిందే. పొరపాటున పడితే వెంటనే నీళ్లతో పావుగంట కడుగుతూ ఉండి, ఆసుపత్రికి పరిగెత్తాలి. ఘాటైన ఆ వాసన స్టైరీన్‌ది, తలుపులు మూసిన గదిలో అది తల తిప్పేస్తుంది. రుద్దేటప్పుడు లేచే గాజు దుమ్ముకి జేబురుమాలు చాలదు, మంచి మాస్కు కావాలి. షెడ్లలో రోజంతా ఇదే పనిలో ఉండేవాళ్లలో చాలామంది రుమాలుతోనే నెట్టుకొస్తుంటారు. కవరు ధర దగ్గర గీచి గీచి బేరమాడే మనం ఆ మాస్కు ఖర్చు గురించి కూడా ఆలోచిస్తే బాగుంటుంది.

గట్టిపడ్డాక అంచులు కోసి, పుట్టీ పెట్టి, 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 400 దాకా రుద్దుకుంటూ పోవాలి. ఓపికలేనివాడికి ఇక్కడే విసుగొస్తుంది. ఆపైన ప్రైమర్‌, రంగు.

దీపానికీ కవరుకీ మధ్య కాస్త గాలి ఆడే సందు వదలాలి. 55 వాట్ల హాలోజెన్‌ బల్బు వేడికి మామూలు పాలిస్టర్‌ మెత్తబడుతుంది. రేడియేటర్‌కి గాలి వెళ్లే చీలికల్ని అందం కోసం మూసేయకూడదు. కవరు బంపర్‌ని దాటి బయటికి పొడుచుకు రాకూడదు కూడా. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అంతకుముందే 2017 డిసెంబరులో బుల్‌బార్ల మీద చర్య తీసుకోమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అనుమానం ఉంటే రంగు వేయించకముందే రవాణా కార్యాలయంలో అడగడం మేలు.

ఇంతా చేసి బిగించుకున్న దీపం దేనికి? లంబసింగి, అరకు దారుల్లో మంచు దట్టంగా దిగినప్పుడు హైబీమ్‌ వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టుంటుంది. వెలుగు నీటి బిందువులకి తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది మరి. ఫాగ్‌లైటు కిందనుంచి వెడల్పుగా, బల్లపరుపుగా రోడ్డు అంచుల్ని చూపిస్తుంది. మంచు లేని రాత్రి దాన్ని వెలిగించి తిరిగితే ఎదుటివాడి కళ్లలో పొడిచినట్టే. అందుకని చివరి స్క్రూ బిగించే ముందు చీకటిపడ్డాక కారుని గోడకి పాతిక అడుగుల దూరంలో నిలపండి. దీపం మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడమీద గీత గీయండి. వెలుగు పై అంచు ఆ గీతకి నాలుగంగుళాలు కిందనే ఆగాలి. ఆగకపోతే స్క్రూ వదులుచేసి, దీపాన్ని కిందికి వంచి మళ్లీ చూడండి.