చెయ్యి ఊరకుండదు, ఎందుకు?

ఈ వ్యాసం రాయడానికి కారణం ఒక గవ్వ.

నేను పదో తరగతి. రాత్రి స్టడీలో ఆరో తరగతి పిల్లలను చూసుకొనే పని నాది. జూలై నెలలో ఒక రోజు, కొత్తగా చేరిన పిల్లవాడొకడు పుస్తకం ముందర పెట్టుకొని, చెయ్యి నిక్కరు జోబులో పెట్టి ఏందో తిప్పుతా ఉన్నాడు. "ఏందిరా అది? తియ్యి బయటికి" అన్నాను. తీసినాడు. చిన్న గవ్వ. "ఇది ఆడుకొనే టైమా?" అని గుంజుకొని నా పెట్టెలో వేసినాను. వాడు మారు మాట్లాడలేదు.

ఆ మరుసటి రోజు నుంచి వాడు స్టడీలో పేజీ తిప్పలేదు. గోళ్ళు కొరుక్కోవడం మొదలుపెట్టినాడు. మూడో రాత్రి నేను నీళ్ళకని లేస్తే, అందరూ నిద్రపోతా ఉండారు, వాడు మాత్రం గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. పక్కన కూర్చొని మెల్లిగా అడిగితే చెప్పినాడు. అది వాళ్ళ యాడి పాత లంగాకు కుట్టిన గవ్వ. (మా సుగాలీల భాషలో అమ్మను యాడి అంటాం.) ఆ సారి అదునులో వాన పడక వాళ్ళ అమ్మానాయనా బెంగుళూరుకు పనికి పోయినారు. పోతా పోతా యాడి ఆ గవ్వను తెంపి కొడుకు చేతిలో పెట్టింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే నేను కూడా ఊరకుండేవాణ్ణి కాదు. లెక్క చిక్కకపోతే పెన్ను మూత టిక్కు టిక్కుమని నొక్కుతానే ఉంటాను. నా పెన్నును ఎవరూ గుంజుకోలేదు. గవ్వ అప్పుడే ఇచ్చేసినాను. కానీ మనసులో ఒక ప్రశ్న ఉండిపోయింది. చెయ్యి ఇట్ల ఏదో ఒకటి తిప్పుకోవడం మంచిదా, చెడ్డదా? సైన్సు సారును అడిగి, లైబ్రరీలో వెదికి, సారు కంప్యూటర్లో చూపించినవి చదివి, తెలుసుకొన్నది ఇక్కడ రాస్తున్నాను.

చేతికి మెదడులో పెద్ద పీట

కెనడా దేశంలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే మెదడు ఆపరేషన్ల డాక్టరు ఉండేవాడు. 1930లలో ఆయన ఆపరేషను చేసేటప్పుడు రోగి మెలకువగా ఉండగానే మెదడు పైభాగాన్ని సన్నని కరెంటుతో తాకి, శరీరంలో ఏ భాగం కదులుతుంది, ఎక్కడ స్పర్శ తెలుస్తుంది అని గుర్తు పెట్టుకొన్నాడు. అట్ల తయారైన పటంలో చేతివేళ్ళకూ, పెదవులకూ, నాలుకకూ చాలా పెద్ద చోటు ఉంది. వీపు ఇంత పెద్దది కదా, దానికి కొంచెమే. కాబట్టి వేళ్ళ మధ్య ఒక చిన్న గులకరాయి తిరిగినా మెదడుకు బాగా తెలుస్తుంది.

భయం వేసినప్పుడు

పరీక్ష పేపరు ఇచ్చే ముందు గుండె దడదడ కొట్టుకుంటుంది, అరచేతులు చెమట పడతాయి. అప్పుడు శరీరంలో అడ్రినలిన్ అనే రసాయనం విడుదలై రక్తంలో కలుస్తుంది. పాము ఎదురైతే పారిపోవడానికో, కట్టె తీసుకొని కొట్టడానికో కండరాలను అది సిద్ధం చేస్తుంది. పరీక్ష హాలులో పాము లేదు, పరుగెత్తేది లేదు. బెంచీ మీద కదలకుండా కూర్చోవాల. సిద్ధమైన కండరానికి పని లేదు. అందుకే కాలు ఊగుతుంది, గోళ్ళు నోట్లోకి పోతాయి.

పిడికిలి గట్టిగా బిగించి వదలడం దీనికి ఒక ఉపాయం. అమెరికా డాక్టరు ఎడ్మండ్ జాకబ్సన్ 1929లో దీని మీద పుస్తకమే రాసినాడు. ఆయన పద్ధతిలో ఒక్కొక్క కండరాన్ని ముందు బిగించి, తర్వాత వదలాల. బిగింపు ఎట్ల ఉంటుందో, వదులు ఎట్ల ఉంటుందో తెలిసేకొద్దీ కండరాన్ని వదులు చేసుకోవడం అలవాటు అవుతుంది. అంగడిలో అమ్మే మెత్తని నొక్కుడు బంతి కూడా చేసేది బిగించి వదలడమే.

విత్తనకాయలు వొలిచే చేతులు

భయం సంగతి ఇది. మరి చదువు సంగతి? చెయ్యి కదులుతా ఉంటే ధ్యాస చెదిరిపోదా? దీనికి జవాబు పుస్తకం కంటే ముందు నాకు మా తండాలోనే కనపడింది.

మన బెళుగుప్ప పక్కల విత్తనాల ముందు ఇంటింటా వేరుశెనగ విత్తనకాయలు వొలుస్తారు. అవ్వలు, అమ్మలు, పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. కాయ మూతి దగ్గర బొటనవేలితో నొక్కితే టప్పుమని పగులుతుంది. విత్తనం మీది ఎర్రపొట్టు ఊడకూడదు, ఊడితే అది విత్తనానికి పనికిరాదు. అంత జాగ్రత్త పని. అయినా ఎవరి కండ్లూ కాయ మీద ఉండవు. ఒక అవ్వ కథ చెప్తా ఉంటుంది, తక్కినవాళ్ళు ఊ కొడతా ఉంటారు. చేతుల పని చేతులదే. చిన్నప్పుడు నేను విన్న కథలన్నీ అట్ల విన్నవే. ఒక్కటీ మరిచిపోలేదు. వొట్టి చేతులతో కూర్చొని ఉంటే సగం కథకే నిద్రపోయి ఉందును.

మా ఆడవాళ్ళు కుట్టే అద్దాల కుట్టూ అంతే. పక్కన బళ్ళారి జిల్లా సండూరులో మావాళ్ళు కుట్టే లంబాణీ కుట్టుకు దేశమంతా పేరుంది. మాటలు నడుస్తానే ఉంటాయి, సూది నడుస్తానే ఉంటుంది. చేతికి బాగా అలవాటైన పని కండ్లను అడగదు, చెవిని అడగదు.

ఇది ఒక్క మన ఊరి సంగతి కాదు. హిందువుల జపమాలకు 108 పూసలు. ముస్లింల తస్బీకి 99 గానీ 33 గానీ పూసలు. క్రైస్తవుల్లో కేథలిక్కులు పట్టుకొనే జపమాలకు 59 పూసలు. గ్రీసు దేశంలో మగవాళ్ళు ఏ ప్రార్థనా లేకుండానే, ఊరికే తిప్పుకోవడానికి పూసల దండ పట్టుకొంటారు. చైనాలో అరచేతిలో రెండు గుండ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పుతారు. మనకు గచ్చకాయలు ఉండనే ఉన్నాయి. బూడిద రంగులో నున్నగా ఉండే ఆ కాయలు చేతిలో పెట్టుకొంటే వదలబుద్ధి కాదు.

స్పిన్నరు కథ

ఇప్పుడు అంగడి బొమ్మల దగ్గరికి వద్దాం. 2016లో అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములు ఒక చిన్న ఘనం తయారు చేసినారు. ఆరు ముఖాలకూ నొక్కేవీ, తిప్పేవీ, రుద్దేవీ ఉంటాయి. అది చేయడానికి ఇంటర్నెట్లో జనాన్ని 15 వేల డాలర్లు అడిగితే, 64 లక్షల డాలర్లకు పైగా వచ్చినాయి. చేతిలో ఏదో ఒకటి కావాలనుకొనేవాళ్ళు లోకంలో ఎంతమంది ఉండారో చూడండి! 2017లో స్పిన్నరు మోజు వచ్చింది. మూడు రెక్కలు, నడుమ బేరింగు. సైకిలు చక్రంలో ఉన్నట్టే ఇందులోనూ చిన్న చిన్న గుండ్లు ఉంటాయి, అవి రాపిడిని తగ్గిస్తాయి. రెక్కల కొసల్లో బరువు ఉంటుంది కాబట్టి ఒక్కసారి తిప్పితే చాలాసేపు ఆగదు. మన గుట్టల మీది గాలిమరల రెక్కలు తిరిగేదీ బేరింగుల మీదనే.

"ఏకాగ్రత పెంచును" అని చెప్పి స్పిన్నర్లను అమ్మినారు. నిజమా? 2017లోనే పిల్లల డాక్టర్లు ఒక వైద్య పత్రికలో ఆ మాటకు ఆధారమైన పరిశోధన ఏదీ లేదని రాసినారు. చిన్నపిల్లలు దాని ముక్కలు మింగే ప్రమాదం ఉందని కూడా హెచ్చరించినారు. తర్వాత కాలిఫోర్నియాలో కాలేజీ విద్యార్థులకు వీడియో పాఠం చూపించి పరీక్షించినారు. స్పిన్నరు తిప్పుతా చూసినవాళ్ళకు పాఠం తక్కువ గుర్తుంది.

నేనూ ఒకటి జాతరలో కొన్నాను, పోయిన ఏడాది. నిజం చెప్తున్నాను, అది తిరిగేటప్పుడు నా కండ్లు దాని మీదనే ఉంటాయి. ఎంతసేపు తిరుగుతుందా అని లెక్కపెడతాను. పక్కవాడు "నాకియ్యిరా ఒకసారి" అంటాడు. ఇంక చదువెక్కడ? బొంగరం తిప్పుతా ఎక్కాలు చదివినట్టే.

మరి సాయపడేది ఏది?

ఇంగ్లండులో ప్లిమత్ విశ్వవిద్యాలయంలో జాకీ ఆండ్రేడ్ అనే ఆమె 2009లో ఒక పరిశోధన ప్రకటించినారు. 40 మందికి విసుగు పుట్టించే ఫోను సందేశం వినిపించినారు. సగం మందిని వింటా వింటా కాగితం మీది బొమ్మలకు పెన్సిలుతో రంగు నింపమన్నారు. తర్వాత అడిగితే, రంగు నింపినవాళ్ళకు తక్కినవాళ్ళ కంటే 29 శాతం ఎక్కువ గుర్తుంది. విసుగు పుడితే మనసు పగటికలలోకి పోతుంది. చేతికి ఒక చిన్న పని ఉంటే అంత దూరం పోకుండా ఆగుతుందని ఆమె ఊహ. అవ్వ కథలో నేను నిద్రపోకుండా ఉండింది ఇట్లే కదా అనిపించింది.

ఇంకొకటి ఉంది. ఏడీహెచ్‌డీ అనే ఇబ్బంది ఉన్న పిల్లలు కొందరుంటారు. వాళ్ళ ధ్యాస ఒకచోట నిలవదు, ఒళ్ళు కుదురుగా ఉండదు. అది పొగరు కాదు, వాళ్ళ మెదడు పనిచేసే తీరు. 2015లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో 8 నుంచి 12 ఏండ్ల మగపిల్లలకు జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టినారు. ఈ ఇబ్బంది ఉన్న పిల్లలు ఎక్కువగా కదిలినప్పుడు బాగా చేసినారు. ఇబ్బంది లేని పిల్లలు ఎక్కువగా కదిలినప్పుడు అంత బాగా చేయలేదు! అంటే ఒకడికి మందు అయ్యేది ఇంకొకడికి అడ్డం కావచ్చు. అందరికీ ఒకే మాట చెప్పడానికి లేదు.

నేను పెట్టుకొన్న నాలుగు ప్రశ్నలు

ఇవన్నీ చదివినాక, స్టడీలో ఎవరి చేతిలో ఏది కనపడినా గుంజుకోకుండా ఈ నాలుగూ చూస్తున్నాను.

1. కండ్లు దాని మీదికి పోతున్నాయా? పోతే అది ఆట. పోకపోతే ఉండనీ.
2. శబ్దం వస్తుందా? వస్తే పక్కవాని చదువు చెడుతుంది. (దీంట్లో తప్పినవాణ్ణి నేనే. టిక్కు పెన్ను మానేసినాను.)
3. పక్కవానికి ఆశ పుట్టిస్తుందా? పుట్టిస్తే జోబులోకి పోవాల.
4. రాయడం మొదలుపెట్టగానే చేతిలోంచి దిగిపోతుందా? దిగాల. చెయ్యి రెండు పనులు చేయలేదు.

స్పిన్నరు మొదటి ప్రశ్నకే తప్పిపోతుంది. గచ్చకాయ, గవ్వ, నున్నని గులకరాయి నాలుగింటికీ నిలబడతాయి. ఒకటే జాగ్రత్త: నోట్లో పెట్టుకోకూడదు, చెవిలో, ముక్కులో దూర్చకూడదు.

మనమే చేసుకోవచ్చు

నొక్కుడు బంతికి డబ్బులు పెట్టే పని లేదు. అరచేయంత పాత నూలుగుడ్డ రెండు పొరలుగా మడిచి, రెండు వైపులా దగ్గరగా కుట్టాల. సంచి మాదిరి అవుతుంది. దాన్ని లోపలిది బయటికి తిప్పి, పిడికెడు కొర్రలు పోయాల. నిండుగా పోస్తే నొక్కడానికి రాదు, ముప్పాతిక వరకే చాలు. మిగిలిన వైపు కుట్టేయాల. తడి తగలనీయకూడదు, తగిలితే గింజ మొలకెత్తుతుంది, లేకపోతే బూజు పడుతుంది. పరీక్షకు ముందు, బయట నిలబడినప్పుడు గట్టిగా నొక్కి, నిదానంగా ఊపిరి వదులుతా పిడికిలి వదలండి. అట్ల ఐదారుసార్లు. హాలులోకి మాత్రం తీసుకొని పోవద్దు.

చివరిగా ఒక మాట

గవ్వ అయినా, కొర్రల సంచి అయినా జబ్బుకు మందు కాదు. అది భయాన్ని కాసేపు పట్టుకొని ఉంటుంది, అంతే. నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, ఏడుపు ఆగకపోయినా సారుకో, మేడముకో, వార్డెనుకో చెప్పాల. వాళ్ళకు చెప్పలేకపోతే నా మాదిరి పెద్ద తరగతివానికైనా చెప్పండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ అనే ఫోను సేవ ఉంది. నంబరు 14416. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. నంబరు రాసి పెట్టుకోండి.

ఆ ఆరో తరగతి పిల్లవాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఎడమచెయ్యి జోబులో ఉంటుంది, కుడిచేత్తో లెక్కలు చేస్తా ఉంటాడు. కొర్రల సంచి ఒకటి కుట్టి ఇస్తానంటే "వద్దులే అన్నా, నాకు ఇదుంది కదా" అన్నాడు. ఆదివారం యాడి ఫోను చేస్తే గవ్వ ఉందా అని అడిగిందంట. ఉందని చెప్పినాడంట.

తక్కిన తరగతుల స్టడీ లీడర్లకు నా మనవి ఒక్కటే. పిల్లల చేతిలోంచి ఏదైనా తీసుకొనే ముందు, అది ఏందని కాదు, ఎందుకని అడగండి. నేను మూడు రోజులు ఆలస్యంగా అడిగినాను.