షుగర్ ఉన్నవారికి ఫ్లూ ఇంజక్షన్ ఎందుకంటే...

హజ్‌కు వెళ్లొచ్చిన పెద్దలున్న ఇళ్లలో ఫ్లూ టీకా పేరు కొత్తేమీ కాదు. ప్రయాణానికి ముందు అందరికీ మెనింజైటిస్ టీకా వేస్తారు, 65 ఏళ్లు దాటిన వారికి దానితో పాటు ఫ్లూ టీకా కూడా ఇస్తారు. అదే వయసు మనిషి ఏళ్ల తరబడి షుగర్ మాత్రలు మింగుతూ కొత్తవలసలోనే ఉంటే మాత్రం ఆ టీకా సంగతి ఎవరికీ గుర్తురాదు. "జలుబే కదా, రెండ్రోజుల్లో అదే పోద్దిలే" అంటారు.

షుగర్ ఉన్నవారికి అది జలుబుతో ఆగకపోవచ్చు. జ్వరం వచ్చినప్పుడు శరీరంలో కొన్ని హార్మోన్లు పెరిగి ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. రెండు ముద్దలు కూడా తినని రోజున షుగర్ 300 దాటడం అందుకే. ఇళ్లలో పెద్ద పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. "అబ్బా ఏమీ తినలేదు కదా" అని ఇన్సులిన్ ఆపేస్తారు. డాక్టర్‌ని అడక్కుండా ఆపకూడదు. నాలుగైదు గంటలకోసారి షుగర్ చూసుకోవాలి, నీళ్లు తాగిస్తుండాలి. వాంతులు మొదలైనా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫ్లూ నుంచి న్యుమోనియాకు దిగే ప్రమాదం వీళ్లకు ఎక్కువ. అమెరికాలో ఫ్లూతో ఆసుపత్రిలో చేరే పెద్దవాళ్లలో దాదాపు 30 శాతం మంది షుగర్ ఉన్నవారేనని అక్కడి సీడీసీ చెబుతోంది.

టీకా వేయించుకుంటే ఫ్లూ అసలే రాదని కాదు. వచ్చినా ఆసుపత్రి దాకా వెళ్లే అవకాశం తగ్గుతుంది. ఇంజక్షన్‌లో ఉండేది చచ్చిన వైరస్ భాగాలే, కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒకట్రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం ఉండొచ్చు. గతంలో ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే ముందే చెప్పాలి.

ఇందులో పంది జెలటిన్ ఉంటుందా అన్న అనుమానం చాలామందికి ఉంది. బ్రిటన్‌లో పిల్లలకు ముక్కులో కొట్టే ఫ్లూ స్ప్రేలో అది ఉంది. అక్కడ కూడా వద్దన్న తల్లిదండ్రుల పిల్లలకు జెలటిన్ లేని ఇంజక్షన్ ఇస్తారు. పెద్దలకు చేతికి వేసే ఫ్లూ ఇంజక్షన్లలో మామూలుగా జెలటిన్ ఉండదు. కావాలంటే పెట్టెలోని కాగితం అడిగి చదివించుకోవచ్చు.

ఫ్లూ వైరస్ ఏటా రూపు మారుస్తుంది, అందుకే టీకా కూడా ఏటా వేయించుకోవాలి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. మన దగ్గర వానాకాలంలో ఫ్లూ జోరు ఎక్కువ కాబట్టి వానలకు ముందే వేయించుకుంటే మంచిది. ఆలస్యమైనా మానేయడం కన్నా నయమే.

ఒక చిక్కుంది. పిల్లల టీకాల్లా ఇది ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో లేదు, సాధారణంగా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే. కొత్తవలసలో దొరక్కపోతే విశాఖపట్నం వెళ్లాలి. అయితే అక్కడ కొని సంచిలో వేసుకుని రైల్లో తెచ్చుకోకూడదు. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి, ఎండకు పాడవుతుంది. షుగర్ చెకప్‌కి వెళ్లిన రోజే అక్కడి డాక్టర్ దగ్గర వేయించుకుని రావడం మేలు.