గ్రంథాలయముల నడుమ గ్రంథముల యెరవు

పాల్కురికి సోమనాథుని జన్మస్థానమని ప్రసిద్ధిగన్న పాలకుర్తియు, పోతన గ్రామమని చెప్పబడు బమ్మెరయు నేటి జనగామ జిల్లాలో ఒకదాని కొకటి సమీపముననే యున్నవి. కాని సోమనాథుని కృతులను పరిశోధింపగోరు పండితుడు పాలకుర్తిలో గూర్చుండి ఆ పని నెరవేర్చుకొనజాలడు. 1926లో ప్రకటితమైన బసవపురాణమునకు విపులమైన పీఠిక వ్రాసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున పనిచేసినవారు. కవి యూరొకచోటను, గ్రంథము వేరొకచోటను ఉండుట మనకు క్రొత్త గాదు. ఆ దూరమును దాటించు నుపాయమే గ్రంథాలయములు పరస్పరము గ్రంథముల నెరవిచ్చుకొనుట.

ఎరవు తెచ్చిన వస్తువునే మరల నీయవలయును. బదులు తెచ్చినచో సమానమైనది యిచ్చిన జాలును. పూర్వము తాళపత్రముల యెరవు ఇంటికి నింటికి నడుమ జరిగెడిది. పరుల చేతికి బోయిన పుస్తకము మరల రాదని పెద్దలు భయపడిరి. నూనెనుండియు, నీటినుండియు, వదలిన కట్టునుండియు, మూర్ఖుని చేతినుండియు దన్ను గాపాడుమని పుస్తకమే వేడుకొనునట్లు లేఖకులు ప్రతుల చివర వ్రాసిరి. ఈ భయము నిర్హేతుకము గాదు. అయినను ఎరవీయకుండుటయు క్షేమము గాదు. పోతన భాగవతమున కొన్ని స్కంధములను గంగన, సింగన, నారయలు పూరించిరి. దీనికి గారణముగా జెప్పబడు కథలు పలువిధములు; ఒక్కచోటనే యున్న గ్రంథమునకు గలుగు ప్రమాదము మాత్రము వానియందు స్పష్టము. 19వ శతాబ్దమున బ్రౌనుదొర ఒక్కొక్క కావ్యమునకు పలుప్రతులు సేకరించి, పండితులచే సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఎరవు ప్రతి తిరిగి పోవును, వ్రాసికొన్నది నిలుచును.

నేటి ఛాయాప్రతి ఆ పద్ధతికి సంతానమే. కాని పంపినవారు గ్రంథమును గోల్పోరు, పొందినవారు మరల నంపరు. కావున దీనికి ఎరవను పేరే చెల్లదు. లాభము గొప్పదే. అయినను గంటపు గీతలో సందేహము గలిగినపుడు ఛాయ చాలదు, ఆకునే చూడవలయును.

1988లో ఢిల్లీలో డెల్నెట్టును, 1991లో ఇన్‌ఫ్లిబ్నెట్టును ఏర్పడి గ్రంథాలయములను గలిపినవి. వీనివలన మిక్కిలి మేలు పొందినవి విశ్వవిద్యాలయములు, కళాశాలలు. పల్లె బడిలోని తెలుగు పండితునకు ఆ ద్వారము సులభముగా దెరవబడదు.

ధర్మశాస్త్రమడ్డమనుటయు సరిగాదు. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము, దేశమున విక్రయమునకు దొరకని గ్రంథమును సార్వజనిక గ్రంథాలయము తన యుపయోగమునకై మూడు ప్రతులవరకు దీసికొనుట కనుమతించుచున్నది. ప్రభాకరశాస్త్రిగారు 1950లో గతించిరి. గ్రంథకర్త మరణానంతరము 60 ఏండ్లకు స్వామ్యము తీరును గనుక వారి పీఠిక 2011 మొదలు అందరి సొత్తు.

నిజమైన చిక్కు పట్టికలది. ఏ గ్రంథమెక్కడ నున్నదో తెలియనివాడు దేని నడుగును? రోమనులిపిలో నమోదైన పట్టికలయందు సోమనాథుని యింటిపేరు ఒకచోట 'పాల్కురికి'గను, ఒకచోట 'పాలకురికి'గను గనబడిన, వెదకువానికి గ్రంథములేదనియే తోచును. హనుమకొండలో 1904 నాటి రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును గలవు. జనగామ ఆ రెంటికి నడుమ రైలుమార్గముననే యున్నది. ఈ మూడుచోట్ల గ్రంథముల పేర్లు తెలుగులిపిలో ఒక్క పట్టికగా గూర్చినచో, పాలకుర్తి పండితుని తొలియుత్తరము సరియైన తావునకే పోవును.