ద్రీనానది వంతెన: సొకొల్లు మెహమదు పాషా చరిత్రము

కన్నబిడ్డను పరులు గొనిపోవుచుండగా నే తల్లి హృదయము సహింపగలదు? పదునారవ శతాబ్దమున బాల్కను దేశములందు తురుష్క సుల్తానుల యధికారులు క్రైస్తవ కుటుంబముల బాలురను పన్నువలె గైకొని, ఇస్లాము మతమున జేర్చి, రాజసేవకు దీర్చుచుండిరి. ఈ యాచారమునకు ‘దెవ్‌షిర్మే’ యని పేరు. ఇట్లు తల్లిదండ్రులకు దూరమైనవారిలో నొకడే సొకొల్లు మెహమదు పాషా.

ఇతడు 1505 ప్రాంతమున బోస్నియాలో, ద్రీనాతీరమందలి విషెగ్రాద్ పట్టణమునకు సమీపమున నొక సెర్బు కుటుంబమున జన్మించెను. రాజభవనమున విద్య గఱచి, క్రమముగా వృద్ధి పొంది, 1546లో నౌకాసేనాధిపతి యయ్యెను. 1562లో సుల్తాను సులేమాను మనుమరాలగు ఇస్మిహానును వివాహమాడెను. 1565లో ప్రధానామాత్యుడయ్యెను.

మరుసటి యేడే కఠినపరీక్ష సంభవించెను. హంగరీలో సిగెత్వారు కోటను ముట్టడించుచుండగా వృద్ధుడగు సులేమాను శిబిరముననే మరణించెను. ఆ వార్త పొక్కినచో సైన్యము చెదరును, అల్లరులు పుట్టును. మెహమదు రహస్యముగా యువరాజు సెలీమునకు వార్త నంపి, సుల్తాను పేరిటనే యాజ్ఞల నిచ్చుచు, ఆరు వారములకు పైగా నా మరణమును దాచి సేనను నడపెను. 1571లో లెపాంటో యుద్ధమున తురుష్క నౌకాదళము నాశనము కాగా, మరుసటి వేసవికే క్రొత్తదళమును సముద్రమున నిలిపెను. మువ్వురు సుల్తానుల కడ పదునాలుగేండ్లు ప్రధానిగా నుండెను.

ఇంతటివాడు జన్మభూమిని మరచెనా? మరువలేదు. 1557లో సెర్బుల పేచ్ ధర్మపీఠము పునరుద్ధరింపబడినపుడు దాని నధిష్ఠించిన మకారియె యితని బంధువే. తాను బాలుడుగా వీడిన ద్రీనాతీరమున, ప్రఖ్యాతశిల్పియగు సినానుచేత 1571 మొదలు 1577 వరకు నొక రాతివంతెన గట్టించెను. దానికి పదునొకండు కమానులు. పొడవు ఇంచుమించు 590 అడుగులు.

1579 అక్టోబరులో ఫకీరువేషమున వచ్చిన యొకడు మెహమదును కత్తితో బొడిచి చంపెను. ఆతడు కాపాడిన సుల్తానుల రాజ్యము 1922లో నంతరించెను. వంతెన మాత్రము రెండు ప్రపంచయుద్ధములందును దెబ్బతినియు, మరల బాగుచేయబడి, నేటికిని నిలిచియున్నది. 2007లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ సంపదలలో జేర్చిరి.

ఆతని పదవులనుగూర్చి చదివినప్పటికంటె నీ వంతెననుగూర్చి చదివినపుడే, ఆ ముదుసలి మంత్రి హృదయమున నిల్లు వీడిన బాలుడింకను బ్రతికియుండెనని నాకు దోచినది.