చారలు చూసి తేనెటీగ అనుకోవద్దు!

సికింద్రాబాద్‌లో మన పెరళ్లలో, మిద్దెతోటల్లో చలికాలం చిక్కుడు పందిరి దగ్గర ఫోన్‌కి మాక్రో లెన్స్ పెట్టి తీస్తే పసుపు, నలుపు చారల పురుగులు చాలానే పడతాయి. అన్నీ తేనెటీగలు కావు. కొన్ని సిర్ఫిడ్ ఈగలు. చూడ్డానికి తేనెటీగలా ఉంటాయి గానీ కుట్టవు.

పొద్దున్నే చలికి మందంగా ఉన్నప్పుడు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి.

మీసాలు: తేనెటీగకి పొడవుగా, మోచెయ్యిలా వంగి ఉంటాయి. సిర్ఫిడ్ ఈగకి బాగా పొట్టి.

కళ్లు: ఈగకి తలంతా కళ్లే. పూల మీదికొచ్చే తేనెటీగకి తలకి రెండు పక్కలా ఉంటాయి.

రెక్కలు: ఈగకి రెండు, తేనెటీగకి నాలుగు. కాకపోతే తేనెటీగ ముందు, వెనక రెక్కలు సన్నటి కొక్కాలతో కలిసిపోయి ఫొటోలో రెండే అనిపిస్తాయి. ఈ లెక్క ఒక్కటే నమ్మొద్దు.

వెనక కాళ్లు: పుప్పొడి ముద్ద ఉంటే తేనెటీగే.

ఇంత పరిశీలన ఎందుకంటారా? సిర్ఫిడ్ ఈగ పేనుబంక మధ్యలోనే తెల్లటి గుడ్లు పెడుతుంది. కాళ్లు లేని, జలగలాంటి దాని లార్వా ఒక్కటే వందల కొద్దీ పేనుబంక పురుగుల్ని తినేస్తుంది. అది ఆకు తినే పురుగనుకుని సబ్బు కలిపిన వేపనూనె కొడితే, కూలి అడగని పనివాణ్ణి మనమే పోగొట్టుకున్నట్టు. అందుకే ఈ ఈగ కనిపిస్తే ముందు ఆకు తిప్పి చూడండి. లార్వాలుంటే నాలుగు రోజులు ఆగండి. రెండింటి తేడా కింది వీడియోలో దగ్గరగా చూపించాను.