ఎఱుపును అరువు తెచ్చుకొన్న దీపము

మందారపువ్వు పగటియెండలో ఎఱ్ఱగా నుండును. నూనెదీపపు వెలుగునందును ఎఱ్ఱగానే యుండును. దానినే పూతలేని పాదరస దీపము క్రింద నుంచినచో, ఆ ఎఱుపు మాయమై, నల్లనికి దగ్గరగు గోధుమవన్నె కన్పట్టును. నుదుటి కుంకుమబొట్టు మసిబొట్టువలె నుండును. ఆరోగ్యవంతుని మోము సైతము పాలిపోయి రోగి మోమువలె తోచును.

పువ్వు మాఱలేదు, వెలుగు మాఱినది. వస్తువు తనపై బడిన వెలుగులో కొంత మ్రింగి, కొంత వెనుకకు పంపును. ఆ వెనుకకు వచ్చినదే మన కంటికి దాని రంగు. మందారము పంపునది ఎఱుపును. పడిన వెలుగులోనే ఎఱుపు లేనప్పుడు పాప మది దేనిని పంపగలదు?

ఎండను గాజుపట్టకము గుండ పోనిచ్చినచో ఊదా మొదలు ఎఱుపు వఱకు తెంపులేని రంగులపట్టీ యేర్పడును. పాదరసపు ఆవిరిలో విద్యుత్తు ప్రవహించునపుడు పుట్టు వెలుగు అట్లు కాదు. దానిని పట్టకముతో విడదీసినచో ఊదా, నీలము, ఆకుపచ్చ, పసుపు రంగుల గీతలు కొన్ని విడివిడిగా కన్పడును. ఎఱుపు ఉండవలసిన చోట దాదాపు చీకటియే.

ఈ వెలుగును పనికి తెచ్చినవారిలో ముఖ్యుడు న్యూయార్కు నగరవాసి పీటర్ కూపర్ హెవిట్. ఆయన 1901లో తన పాదరస దీపమునకు పేటెంటు పొందెను. అది ఇంచుమించు నాలుగడుగుల పొడవుగల గాజుగొట్టము. దానిని వెలిగించుటయే ఒక వేడుక. గొట్టమును వంచగా లోని పాదరసము ఒక కొన నుండి రెండవ కొనకు సన్నని ధారగా పాఱును. ఆ ధార తెగినచోట విద్యుచ్చాపము పుట్టి గొట్టమంతయు వెలుగును. ఆ కాలపు తంతుదీపములకంటె ఇది అంతే విద్యుత్తుతో ఎక్కువ కాంతి నిచ్చెడిది. కర్మాగారములు దీనిని ఆదరించినవి. చలనచిత్రములు తీయువారును ఆదరించిరి, ఏలయన నాటి ఫిల్ము ఎఱుపును గుర్తింపజాలదు. లేని ఎఱుపునకై వారు చింతింపలేదు. గృహిణులు మాత్రము ఆ నీలిపచ్చని వెలుగును ఇంటిలోనికి రానీయలేదు. వారి తీర్పు సరియైనదే. హెవిట్ ఈ లోపమును తీర్పదలచి, రోడమిన్ అను రంగు పూసిన పరావర్తకములను దీపము వెనుక నుంచి చూచెను. ఆ రంగు కొంత వెలుగును మ్రింగి ఎఱుపును వెలార్చును గాని, కాలక్రమమున వెలిసిపోవును.

1930 తరువాతి సంవత్సరములలో పొడవైన గొట్టము పోయి, వ్రేలెడంత స్ఫటికపుగాజు గొట్టము వచ్చినది. దానిలో పాదరసపు ఆవిరి అధికమైన ఒత్తిడితో నుండును. ఈ దీపములే పలుదేశముల వీథులలో స్తంభముల కెక్కినవి. మన పట్టణములలో జనులు "మెర్క్యురీ లైట్లు" అని పిలిచినవి వీనినే. వెలుగు కొంత తెలుపునకు దగ్గరయైనను, ఎఱుపు కొఱత తీరలేదు.

విద్యుచ్చాపమున కింకొక దుర్గుణము కలదు. చెఱువుకట్టకు గండి పడినప్పుడు ఏమి జరుగునో తెలిసినదే. నీరు పాఱినకొలది గండి పెద్దదగును; గండి పెద్దదైనకొలది నీరు మఱింత పాఱును. చాపము కూడ నట్టిదే. విద్యుత్తు పెరిగినకొలది అందలి ఆవిరి విద్యుత్తునకు మఱింత సులువుగా దారి యిచ్చును. అడ్డుపెట్టువాడు లేనిచో క్షణములో దీపము పగిలిపోవును. కావున చాపమున కెల్లప్పుడును ఒక అడ్డు కావలెను. ఓడ ఒరగిపోకుండుటకై అడుగున వేయు బరువునకు ఇంగ్లీషున బల్లాస్టు అని పేరు. ఆ పేరే ఈ అడ్డునకును వచ్చినది.

సాధారణముగా బల్లాస్టనగా చోకు. ఇనుపరేకుల బొత్తికి రాగితీగ చుట్టిన బరువైన దిమ్మ అది. విద్యుత్తును తక్కువ నష్టముతో అదుపులో నుంచును. కాని దానిని వేఱుగా కొనవలెను, పెట్టెలో బిగింపవలెను, తీగలు కలుపవలెను. చోకునకు బదులు ఒక నిరోధపుతీగ నుంచినను పని జరుగును. అయితే విద్యుత్తులో పెద్ద భాగము వేడిగా మాఱి వృథా యగును.

ఇక్కడనే చక్కని యుక్తి తట్టినది. వేడియెక్కిన తీగ వెలుగును కదా! తంతుదీపములోని టంగ్‌స్టన్ తీగనే అడ్డుగా పెట్టినచో? దాని వెలుగులో నీలము తక్కువ, ఎఱుపు మెండు. చాపమునకు లేనిది తీగకు కలదు. కావున ఒకే గాజుబుడ్డిలో పాదరసపు గొట్టమును, టంగ్‌స్టన్ తీగను ఒకదాని వెంట నొకటి వచ్చునట్లు కలిపిరి. గొట్టము గుండ పోవు విద్యుత్తే తీగ గుండను పోవలెను. తీగ కావలి కాయుచు, అదే సమయమున ఎఱుపును దానము చేయును. ఇదియే స్వయంబల్లాస్టు పాదరస దీపము. మిశ్రకాంతి దీపమనియు అందురు.

దీనిని వెలిగించినప్పుడు జరుగు మార్పు గమనింపదగినది. మొదట పాదరసము చాలవఱకు ద్రవముగానే యుండుటచే చాపము కొద్ది వోల్టులనే పుచ్చుకొనును. తక్కినదంతయు తీగపై బడును. కావున మొదట పసుపుదాలు వెలుగు వచ్చును. కొన్ని నిమిషములలో పాదరసము ఆవిరియై, చాపము తన వంతు వోల్టులను పెంచుకొనును. తీగ కొంత శాంతించును. రెండు వెలుగులు కలిసి మెత్తని తెలుపగును. మధ్యలో విద్యుత్తు పోయి వెంటనే వచ్చినను దీపము వెలుగదు. గొట్టము చల్లబడువఱకు కొన్ని నిమిషములు ఆగవలసినదే.

లెక్క చూచినచో ఈ దీపమునకు గొప్ప పేరు రాదు. 160 వాట్ల మిశ్రకాంతి దీపము రమారమి 3,000 ల్యూమెన్ల వెలుగు నిచ్చెడిది. చోకుతో పనిచేయు 125 వాట్ల పాదరస దీపము దాదాపు 6,000 ల్యూమెన్లు ఇచ్చెడిది. అనగా తక్కువ విద్యుత్తుతో రెట్టింపు వెలుగు! పైగా వెలిగించిన ప్రతిసారియు తీగపై బరువు పడును. గొట్టము బాగుగనే యున్నను తీగ తెగిన నాడు దీపము ముగిసినట్లే. అయినను జనులు దీనిని కొనిరి. తంతుదీపమును తీసి అదే హోల్డరులో దీనిని పెట్టవచ్చును. చోకు అక్కఱలేదు, పనివాడు అక్కఱలేదు. తంతుదీపముకంటె వాటుకు హెచ్చు వెలుగు, పాదరస దీపముకంటె మేలైన రంగు. చాపము, తీగ వోల్టులను పంచుకొనవలెను గనుక, 230 వోల్టుల విద్యుత్తు గల మన దేశము వంటి చోట్ల ఇది బాగుగ పనిచేసెను. 120 వోల్టుల అమెరికాలో అంత సులువు కాలేదు.

ఎఱుపును తెచ్చుటకు మఱియొక త్రోవయు దొరికినది. పాదరసము కంటికి కానరాని అతినీలలోహిత కిరణములను కూడ వెదజల్లును. గాజుబుడ్డి లోపలివైపున తగిన పొడిని పూసినచో, ఆ కిరణములను అది మ్రింగి ఎఱ్ఱని వెలుగుగా మార్చి యిచ్చును. 1964లో రంగుల టెలివిజనుకొఱకు యూరోపియము కలిపిన మేలైన ఎఱ్ఱపొడి నొకటి కనుగొనిరి. పిమ్మట అది పాదరస దీపములకును ఎక్కినది. మిశ్రకాంతి దీపములలో సైతము తీగకు తోడుగా ఇట్టి పొడిపూత నుంచిరి.

పాదరసము విషము. జపానులోని మినమాటలో దానివలన ప్రజలు పడిన బాధ 1956లో లోకమునకు వెల్లడియైనది. ఆ ఊరి పేరనే 2013లో పలుదేశములు ఒడంబడిక చేసికొని, సాధారణ వెలుగుకొఱకు వాడు అధిక పీడన పాదరస దీపముల తయారీకి 2020ని గడువుగా నిర్ణయించినవి.

వాని స్థానమున ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. అయితే వానిలోని చిన్న బిళ్ళ స్వతహాగా ఇచ్చునది నీలికాంతియే. ఎఱుపు కొఱత మరల ఎదురైనది. అందుచేత ఆ బిళ్ళపై పసుపు, ఎఱుపు కాంతుల నిచ్చు పొడులను పూయుదురు. ఆ ఎఱుపు నిచ్చు పొడులలో యూరోపియము మరల పనికి వచ్చినది. పైమూత లేని ఎల్.ఇ.డి. దీపమును ఆర్పి చూచినచో, నారింజపండు తొక్కవన్నె గల ఆ పూత కంటికి స్పష్టముగా కన్పడును.