వేడెక్కితే గానీ కదలనిది

పాత మహీంద్రా జీపు ఎక్కినవాళ్లకి గేరు రాడ్డు పక్కనుండే పొట్టి రాడ్లు గుర్తుండే ఉంటాయి. వెనక చక్రాలు బురదలో దిగబడి గిర్రున తిరుగుతుంటే డ్రైవరు వాటిలో ఒకదాన్ని లాగేవాడు. ఇంజను బలం ముందు చక్రాలకీ అందేది.

ఇందులో అసలు చిక్కు, స్టీరింగుతో పాటు పక్కకి తిరిగే చక్రానికి బలం అందించడం. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్లింటన్‌విల్ మెకానిక్కులు ఒట్టో జాకో, అతని బావమరిది విలియం బెసర్డిచ్ దానికో కీలు కనిపెట్టి 1908లో పేటెంటు తీసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపు నాలుగు చక్రాల బలమేంటో లోకానికంతా చాటింది. యుద్ధం ముగిశాక జీపులు రైతుల చేతికొచ్చాయి. తారు రోడ్డు మీద పనేమీ లేకపోయినా ముందు ఇరుసు, గేర్లు, షాఫ్టు ఊరికే తిరిగి అరిగిపోయేవి. సియాటిల్‌లో ఆర్థర్ వార్న్ 1948లో చక్రం మధ్యలో తాళం పెట్టాడు. తిప్పితే చక్రం ఇరుసుకి కలుస్తుంది, వెనక్కి తిప్పితే విడిపోతుంది. కాకపోతే ఆ తాళం తిప్పడానికి దిగాల్సింది సరిగ్గా బురద ఉన్నచోటే.

ఆ దిగే పని తప్పించాలని 1988 నాటి కొత్త షెవర్లే పికప్పుల్లో ఒక ఉపాయం చేశారు. ముందు ఇరుసుని కుడివైపు రెండు ముక్కలు చేసి, మధ్య జరిగే తొడుగు పెట్టారు. తొడుగు పక్కకి జరిగి ఉంటే, రెండు వైపులకీ బలం పంచే డిఫరెన్షియల్‌లో చక్కని ఆట నడుస్తుంది: ఎడమ చక్రం ముందుకి తిరుగుతుంటే, కుడివైపు తెగిన ముక్క అంతే వేగంతో వెనక్కి తిరుగుతుంది. వాటి మధ్యలోని పెద్ద గేరు, దానికి తగిలించిన షాఫ్టు కదలవు. అరుగుదల ఉండదు.

తొడుగుని జరిపేది బ్యాటరీ దిగువన ఉండే గుప్పెడంత సిలిండరు. అందులో మోటారు లేదు. కరెంటు లోపలి తీగని వేడి చేస్తే, నింపి ఉంచిన పదార్థం వ్యాకోచించి ఒక పుల్లని బయటికి తోస్తుంది. ఇంజను థర్మోస్టాట్‌లో మైనం చేసే పనే ఇదీ. చవక, గేర్లు లేవు, బలంగా తోస్తుంది. తెలివైన పనే, కాదనను. కానీ ఈ బండికి నాలుగు చక్రాలూ కావాల్సింది మంచులో. వేడెక్కితే గానీ కదలని వస్తువుని గడ్డకట్టే చలిలో పనికి పిలవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. కొత్తదయినా అర నిమిషం పట్టొచ్చు. ముసలిదయితే పుల్ల సగం దూరం వచ్చి ఆగిపోతుంది.

అప్పుడు రాడ్డు వేసినా, ముందు షాఫ్టు తిరుగుతున్నా బండి కదలదు. డిఫరెన్షియల్‌కి బుద్ధి తక్కువ. సులువుగా తిరిగే వైపే తిప్పుతుంది. వచ్చిన తిప్పుడంతా తెగిన ముక్కే తినేస్తుంది.

చాలామంది ఇక్కడే, ఇంజను బలాన్ని ముందు వెనక షాఫ్టులకి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పించి డబ్బు పోగొట్టుకుంటారు. విప్పకముందు బండిని చదునైన నేల మీద పెట్టి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి, గేరు పార్కులో ఉంచి, ఇంజను ఆపి, ఫోర్ వీల్ రాడ్డు వేయాలి. ముందు షాఫ్టుని చేత్తో పట్టి తిప్పితే హాయిగా తిరిగిందా, తప్పు ట్రాన్స్‌ఫర్ కేస్‌లోనే: లోపలి ఫోర్కో, గొలుసో. బిగుసుకుని ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు. తాళంచెవి ఆన్‌లో పెట్టి, ఓ రెండు నిమిషాలు ఆగి, కుడి ముందు చక్రాన్ని మాత్రం జాకీతో లేపి తిప్పి చూడాలి. బిగుసుకుంటే తొడుగు కలిసినట్టే. ఊరికే తిరిగితే సిలిండరు ప్లగ్గులో 12 వోల్టులు వస్తున్నాయా చూడాలి. రాకపోతే ఫ్యూజూ స్విచ్చీ. వచ్చినా పుల్ల కదలకపోతే సిలిండరుకి నూకలు చెల్లినట్టే. దాన్ని ఊడదీసి బల్ల మీద కరెంటిస్తే సందేహం తీరిపోతుంది. పుల్ల నిండుగా బయటికొస్తే మాత్రం తొడుగుని జరిపే ఫోర్కుని చూడాలి.

ఇప్పుడు ఆ పాత సిలిండరు చోట మోటారున్న సిలిండరు పెట్టేస్తున్నారు. స్విచ్చు పడగానే జరుగుతుంది. బాగైందో లేదో తేల్చుకోడానికి గులకరాళ్ల నేల మీద ఫోర్ వీల్ వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా నడుపుతారు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, వెనకవి తక్కువ. షాఫ్టులు మాత్రం రెంటినీ ఒకే లెక్కన తిప్పుతాయి. బండి మొండికేస్తుంది, టైర్లు రాళ్లని ఈడుస్తూ మూలుగుతాయి. ఆ మూలుగు విని మెకానిక్కు చేతులు తుడుచుకుని బిల్లు రాయడానికి కూర్చుంటాడు.